చిన్నల్లుడి మెమరీ కార్డు

ఆ ఇంట్లో ఫోటోల పెత్తనం మొదటినుంచీ పెద్దల్లుడిదే. పెళ్ళయిన కొత్తలో మామగారు బీరువాలోంచి కెమెరా తీసి అతని చేతిలో పెట్టి, "నాకు ఇది అర్థమై చావడం లేదు, ఇకనుంచి మీరే చూసుకోండి" అన్నారు. ఆయన వదిలించుకోవడానికి అన్న మాటను ఇతను పదవిలా స్వీకరించాడు. తర్వాత కెమెరాలు మారాయిగానీ పదవి మారలేదు.

అతని ఉద్యోగం కూడా అలాంటిదే. ఒక స్కానింగ్ సెంటర్లో రోగుల ఎక్స్‌రేలు, స్కాన్లు భద్రపరిచే విభాగానికి పెద్ద. ఎన్నడో తీసిన మోకాలి ఎక్స్‌రే కావాలని ఏ డాక్టరు అడిగినా, ఆయన చేతిలో కాఫీ చల్లారేలోపు తెచ్చి ముందు పెడతాడు. ఫలానా రోగి బొమ్మ కనిపించడం లేదన్న మాట అతని సర్వీసులో ఎవరూ అనలేదు.

ఆ యేడు సెలవులకి కుటుంబమంతా కలిసి సముద్రం ఒడ్డున ఒక మేడ అద్దెకు తీసుకున్నారు. అత్తగారూ మామగారూ, పెద్దల్లుడూ అతని భార్యా, మరదలూ, కిందటేడు ఆమెను చేసుకున్న చిన్నల్లుడూ. సామాను దించిన కాసేపటికే భోజనాల బల్ల మీద ఒక మూల పెద్దల్లుడి ఆఫీసు వెలిసింది. ల్యాప్‌టాప్, కార్డు రీడరు, అరచేతిలో పట్టే హార్డ్ డిస్కు, మెమరీ కార్డులు పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా. ఖాళీ కార్డుకి తెల్ల టేపు, నిండినదానికి ఎర్ర టేపు. సాయంత్రం అందరూ స్నానాలు చేసి వచ్చేసరికి అతను ఆ రోజు ఫోటోలు కాపీ చేయడం, చెడ్డవి ఏరి పారేయడం, కార్డులు ఖాళీ చేసి మళ్ళీ టేపు అంటించడం పూర్తయిపోవాలి. కళ్ళు మూసినవాళ్ళు, కదిలిపోయినవాళ్ళు, నోరు తెరిచినవాళ్ళు, వరసలోంచి పక్కకు జరిగినవాళ్ళు, అందరూ అక్కడికక్కడే రద్దు. మిగిలినవాటిలో మనుషులు పొడుగు ప్రకారం నిలబడి, చేతులు కిందికి వేలాడేసి, ఎదురుగా చూస్తూ ఉండేవారు. "బావ తీస్తే పాస్‌పోర్టుకి కూడా పనికొస్తుంది" అనేది మరదలు. అతను దాన్ని మెచ్చుకోలుగానే తీసుకునేవాడు.

చిన్నల్లుడు ఈత నేర్పే కోచ్. గట్టిగా మాట్లాడతాడు, గట్టిగా నవ్వుతాడు, ఎవరింట్లోనైనా వంటింట్లోకి నేరుగా నడిచిపోతాడు. అతనూ ఒక కెమెరా తెచ్చుకున్నాడు. తెచ్చిందే ఒక కార్డు, అది వచ్చిన రోజే నిండిపోయింది.

"అన్నయ్యా, మీ దగ్గర ఇంకో కార్డేమైనా ఉందా?" అంటూ బల్ల దగ్గరికి వచ్చాడు.

"అప్పుడే నిండిందా? అక్కరలేనివి తీసెయ్యి. సగం ఖాళీ అవుతుంది."

"ఏది అక్కరలేదో నాకు తెలీదన్నయ్యా. అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి."

పెద్దల్లుడు చిన్నపిల్లాడికి చెప్పినట్టు మెమరీ గురించి కాసేపు చెప్పాడు. చిన్నల్లుడు బుద్ధిగా తలూపాడు. చివరికి పెద్దల్లుడు తను ఎన్నో ప్రయాణాల్లో వాడిన పెద్ద కార్డు ఒకటి డబ్బాలోంచి తీసి ఇచ్చి, "దీన్ని పారెయ్యకు" అన్నాడు. నిండిన కార్డు తీసుకుని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాడు. ఇచ్చేటప్పుడు అతనికి గొప్పగానే అనిపించింది. అప్పటికి అసూయలాంటిదేమీ లేదు.

అది ఆ సాయంత్రమే మొదలైంది. అందరూ ల్యాప్‌టాప్ చుట్టూ మూగారు. ముందు పెద్దల్లుడి ఫోటోలు వచ్చాయి. మామగారు ఆవలించారు. తర్వాత చిన్నల్లుడివి వచ్చాయి. అంతే, కుర్చీలు ముందుకు జరిగాయి. మామగారు రైల్లో నోరు తెరిచి నిద్రపోతుంటే అత్తగారు ఆయన ఒళ్ళోంచి బిస్కెట్ పొట్లం లాగుతున్న ఫోటో చూసి మరదలు కుర్చీలోంచి జారిపోయేంతగా నవ్వింది. "మళ్ళీ పెట్టు, మళ్ళీ పెట్టు" అన్నారు మామగారే.

తర్వాత పెద్దల్లుడి భార్య ఫోటో ఒకటి వచ్చింది. గాలికి జుట్టంతా మొహాన పడి, ఒక చేత్తో అది తోసుకుంటూ, రెండో చేత్తో చెప్పులు పట్టుకుని, ఎవరినో చూసి నవ్వుతోంది. పెద్దల్లుడు ఆ ఫోటో ముందు ఆగిపోయాడు. ఆ మనిషితోనే అతను ఇన్నేళ్ళు కాపురం చేస్తున్నాడు. అలా ఉంటుందని అతనికి గుర్తులేదు.

"ఎప్పుడు తీశాడు ఇది?" అన్నాడు.

"ఏమో, నాకు తెలీనే తెలీదు" అంది ఆమె, తనూ తదేకంగా చూసుకుంటూ. "బాగుంది కదండీ?"

"ఫోకస్ సరిగా లేదు" అన్నాడతను.

ఇంకొకటి కూడా అతనికి ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అత్తగారు ఇప్పటికీ అతన్ని "అల్లుడుగారూ, మీరు" అనే అంటుంది. అతను గదిలోకి వస్తే కాళ్ళు కిందికి దించుకుని సర్దుకు కూచుంటుంది. అదే మర్యాద అనుకుని అతను ఇన్నాళ్ళూ మురిసిపోయాడు. నిన్నగాక మొన్న వచ్చిన చిన్నల్లుణ్ణి మాత్రం, "ఏమయ్యా, ఆ గ్లాసు ఇలా అందుకో, నీకు చేతులు లేవా?" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా తనకి ఎవరూ ఎప్పుడూ గ్లాసు అందుకోమని చెప్పలేదని అతనికి గుర్తొచ్చేది.

మర్నాడు సముద్రం దగ్గర మరీ అన్యాయం జరిగింది. అత్తగారికి నీళ్ళంటే భయం. ఎన్నిసార్లు సముద్రానికి వచ్చినా పొడి ఇసుక దాటి అడుగు ముందుకెయ్యలేదు. చిన్నల్లుడు ఆమె చెయ్యి పట్టుకుని, "చీలమండల దాకానే అత్తయ్యా. నా చేతిలో ఇంతవరకూ ఎవరూ మునగలేదు" అంటూ మెల్లగా నడిపించాడు. చీలమండల దాకా అన్నది మోకాళ్ళ దాకా అయింది. అతను ఆమెని కూతుళ్ళిద్దరి మధ్యా నిలబెట్టి, తను కెమెరాతో వెనక్కి నడిచాడు. అంతలో ఒక పెద్ద అల వచ్చి ముగ్గురినీ నిలువునా తడిపేసింది. ఎప్పుడూ నోటికి అడ్డంగా చెయ్యి పెట్టుకుని నవ్వే మనిషి, రెండు చేతులూ కూతుళ్ళ చేతుల్లో ఇరుక్కుపోయి, అడ్డం పెట్టుకోవడానికేమీ లేక, ఆకాశంకేసి మొహమెత్తి పగలబడి నవ్వింది.

ఆ సమయంలో పెద్దల్లుడు ఇసుకలో అందరి చెప్పులకీ సంచులకీ కాపలాగా కూచుని, కెమెరాలో కార్డు మారుస్తున్నాడు. తలెత్తేసరికి అల వెనక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం చిన్నల్లుడు కార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇవాళ్టివి బంగారం అన్నయ్యా. కాస్త జాగ్రత్తగా ఎక్కించండి."

వెనకే మామగారు వచ్చారు. "వాడు కెమెరాలో నాకు చూపించాడు. మీ అత్తయ్యది, నీళ్ళలోది. దాన్ని పెద్దది చేయించి హాల్లో పెడదాం. ఇప్పుడున్నది తీసేసి."

ఇప్పుడున్నది పెద్దల్లుడు తీసినది. కుటుంబమంతా వరసగా నిలబడిన ఫోటో. ఆ ఇంటికి ఎవరొచ్చినా, "మా పెద్దల్లుడు తీశాడు" అని మామగారు చూపించే ఫోటో. "అలాగే మామయ్యా" అన్నాడతను. గొంతు మామూలుగానే వచ్చింది.

అందరూ బజారు చూసొస్తామని బయల్దేరారు. "మీరూ రండి" అంది భార్య. "పనుంది" అన్నాడు. మెట్ల మీద వాళ్ళ మాటలు, మలుపు దగ్గర అందరి నవ్వూ, అందరికంటే గట్టిగా వాడి నవ్వూ వినిపించాయి. తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

అతను కార్డు పెట్టి చూశాడు. అత్తగారి ఫోటో చూశాడు. దాన్ని మించిన ఫోటో తను జన్మలో తీయలేదు, ఇక తీయలేడు. ఆ సంగతి అతనికి అర్థమైనంత బాగా ఆ ఇంట్లో ఇంకెవరికీ అర్థం కాదు. మిగతావాళ్ళకి అది నవ్వొచ్చే ఫోటో. వెలుతురు ఎటు పడిందో, అల ఏ క్షణంలో విరిగిందో అతనికి మాత్రమే తెలుస్తుంది. అందుకే కడుపులో మంట మరీ ఎక్కువైంది.

కాపీ చేయబోతే ల్యాప్‌టాప్‌లో చోటు చాలలేదు. పాతవి హార్డ్ డిస్కులోకి మార్చి చోటు చేయాలి. అతనికి రోజూ అలవాటైన పని. కానీ అతను ఆ పని చేయలేదు. కార్డు బయటికి లాగి, తన కెమెరాలో పెట్టి, మెనూలోకి వెళ్ళి ఫార్మాట్ అన్న చోట ఆగాడు. నిజంగానే అన్నీ చెరిపేయమంటావా అని కెమెరా అడిగింది. అతను అవునన్నాడు.

ఆ తర్వాత అలవాటు కొద్దీ కార్డుకి తెల్ల టేపు అంటించి, దాని మీద ఖాళీ అని రాసి, డబ్బాలో పెట్టేశాడు. లేచి కాఫీ కలుపుకున్నాడు. ఆ కాఫీ తాగినంతసేపూ ప్రాణం హాయిగా ఉంది. తాగాక కప్పుని రెండుసార్లు కడిగాడు.

బజారు నుంచి వచ్చీ రాగానే అందరూ ల్యాప్‌టాప్ ముందు చేరారు. "ఆ కార్డు ఎందుకో చదవడం లేదు. పాడైనట్టుంది" అన్నాడతను, ఎవరి మొహమూ చూడకుండా.

చిన్నల్లుడి మొహం వాడిపోయింది. కానీ మరుక్షణమే, "నా చేతులే అంత అన్నయ్యా. తడి చేతులతో, ఇసుక చేతులతో కార్డు బయటికి తీశాను. మీ కార్డు కూడా పాడుచేశాను" అన్నాడు. ఇక అందరూ అతన్ని ఓదార్చడంలో పడ్డారు. మరదలు భుజం మీద చెయ్యేసింది. మామగారు, "పోనీలేరా, మళ్ళీ తీద్దువుగాని" అన్నారు. పెద్దల్లుడి భార్య అందరికంటే ముందు అతని చేతికే టీ అందించింది. పెద్దల్లుడు చూస్తూ ఉండిపోయాడు. చెరిపింది తను. ఓదార్పు మాత్రం వాడికి.

అత్తగారు మాత్రం ల్యాప్‌టాప్ తెరకేసే చూస్తోంది. తర్వాత, "నేను నవ్వితే ఎలా ఉంటానో ఒకసారి చూసుకుందామనుకున్నాను" అంది. "చిన్నప్పుడు ఎవరో పళ్ళు బాగాలేవన్నారు. అప్పట్నుంచీ చెయ్యి అడ్డం పెట్టుకోవడమే. సరేలే, ఏముంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ మాట అతన్ని మంచం మీద కుదురుగా ఉండనివ్వలేదు. తెల్లవారుజామున కాస్త నిద్రపట్టి, ఎండెక్కాక మెలకువ రాగానే ఒక సంగతి తట్టింది. సెంటర్లో ఒకసారి యంత్రం డిస్కు చెరిగిపోతే, మరమ్మతుకి వచ్చిన ఇంజనీరు అన్నాడు, చెరిపినవి వెంటనే పోవని, వాటి మీద కొత్తవి రాయనంతవరకూ లోపల ఉంటాయని. ఆ ఇంజనీరు వాడిన ప్రోగ్రాము ఇప్పటికీ తన ల్యాప్‌టాప్‌లో ఉంది. కార్డుని ఎవరూ ముట్టుకోకపోతే చాలు.

గబగబా కిందికి దిగి డబ్బా తెరిచాడు. ఆ కార్డు లేదు. ఇల్లంతా ఖాళీగా ఉంది. ఆ రోజు పడవ షికారు, అందరూ ముందే రేవుకి వెళ్ళారు. "కెమెరా పెట్టెతో మీరు మెల్లగా రండి" అని భార్య తలుపు దగ్గర చెప్పడం సగం నిద్రలో విన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే పరిగెత్తాడు. రేవులో చెక్క వంతెన మీద అందరూ పడవ కోసం నిలబడి ఉన్నారు. చిన్నల్లుడు కెమెరా కంటికి ఆనించుకుని, కట్టేసిన తాళ్ళనీ పక్షులనీ మామగారి టోపీనీ తీస్తున్నాడు.

"ఆపు. ఆ కార్డు తీసెయ్యి" అన్నాడు పెద్దల్లుడు ఆయాసపడుతూ. "ఇంకొక్క ఫోటో కూడా తియ్యకు."

"ఖాళీ అని రాసుంటేనే తీసుకున్నాను అన్నయ్యా."

"అది నిన్నటిదే."

చిన్నల్లుడు కార్డు బయటికి తీశాడు. దాని మీది తెల్ల టేపునీ, చేతిరాతనీ చూశాడు. "చదవడం లేదన్నారు కదా."

"చెరిపేశాను."

చిన్నల్లుడు అతని కళ్ళలోకి కొంచెంసేపు చూసి, అందరికీ వినపడేలా అడిగాడు. "పొరపాటున చెరిపేశారా అన్నయ్యా?"

దారి వాడే చూపించాడు. పెద్దల్లుడు ఆ దారి పట్టాడు. "అవును" అన్నాడు. అనేసి, భార్యకేసి చూడకుండా ఉండలేకపోయాడు. ఆమె కూడా అతన్నే చూస్తోంది. అతను పొరపాటున ఒక్క ఫోటో పోగొట్టడం ఆమె ఎన్నడూ ఎరగదు.

వాళ్ళు పడవెక్కారు. అతను కార్డు గుప్పిట్లో పెట్టుకుని ఇంటికొచ్చి, ప్రోగ్రాము మొదలుపెట్టి కూచున్నాడు. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక్కొక్కటే పైకి తేలడం మొదలైంది. కొన్ని నిండుగా వచ్చాయి, కొన్ని సగం బూడిదరంగుతో. పొద్దున తాళ్ళూ పక్షులూ పడ్డ చోట నిన్నటివి పూర్తిగా పోయాయి. ఆకాశంకేసి మొహమెత్తిన ఆ ఫోటో ఎంత వెతికినా దొరకలేదు. దాని తర్వాతది దొరికింది. తడిసిన జుట్టుతో అత్తగారు ఇంకా నవ్వుతూనే ఉంది, కాస్త పక్కకు తిరిగి. మెడ కిందనుంచి అంతా బూడిద.

నిన్నటివి అయిపోయాక కూడా ప్రోగ్రాము ఆగలేదు. అతనికి అర్థం కాని ఫోటోలు రాసాగాయి. వంటగదిలో గరిటె పట్టుకుని ఎవరినో తిడుతున్న భార్య. మరదలు తుమ్మబోతూ. మామగారు చొక్కా గుండీ కోసం మంచం కింద దూరుతూ. అత్తగారు చెయ్యి అడ్డం పెట్టుకోవడం మరిచిపోయి, నోరారా నవ్వుతూ, కొంచెం కదిలిపోయి. ఇవి వాడెప్పుడు తీశాడు అనుకున్నాడు ముందు, అప్పటికీ కుళ్ళుతోనే. కానీ ఆ వంటగది వేరే ఊళ్ళోది. ఆ ప్రయాణానికి చిన్నల్లుడు లేడు. అప్పటికి వాడికి ఈ కుటుంబంతో పరిచయమే లేదు.

కార్డు అతనిది. అవన్నీ అతను తీసినవే. ఏ సాయంత్రానికా సాయంత్రం అతనే ఏరి పారేసినవి.

వేరొకణ్ణి చూసి కుళ్ళుకోవడం ఒక రకంగా సులువు. తిట్టుకోవడానికి ఎదురుగా మనిషుంటాడు. ఇప్పుడు అతనికి ఆ వీలు కూడా లేకుండా పోయింది. వరసలో నిలబడలేదన్న కారణానికి ఈ మనుషులందరినీ రద్దు చేసిన వేలు తనదే.

మధ్యాహ్నం వాళ్ళు వచ్చాక, దొరికినవన్నీ చూపించాడు. అత్తగారు తన సగం ఫోటోని దగ్గరికి వంగి చూసుకుంది. "పళ్ళు మరీ అంత అధ్వాన్నంగా ఏం లేవే" అంది కూతుళ్ళతో. పాత ఫోటోలు వచ్చేసరికి మామగారు ఉత్సాహంగా, "ఇవి చూడండి, చిన్నల్లుడి చెయ్యి పడితే ఎంత తేడానో" అన్నారు.

"ఇవి నేను తీసినవి మామయ్యా" అన్నాడు పెద్దల్లుడు.

ఆయన నమ్మలేదు. "ఆ ప్రయాణంలో నేనెక్కడున్నాను మామయ్యా, అప్పటికి నాకు పెళ్ళే కాలేదు" అని చిన్నల్లుడు చెప్తేగానీ ఒప్పుకోలేదు. తన ఫోటోలు తనవేనని నమ్మించడానికి కూడా వాడి సాక్ష్యమే కావాల్సొచ్చిందని పెద్దల్లుడికి ఒళ్ళు మండింది.

"మరి ఇన్నాళ్ళూ మాకెందుకు చూపించలేదు?" అంది అత్తగారు.

"బాగా రాలేదని తీసేశానత్తయ్యా."

అందరూ లేచాక భార్య అక్కడే ఆగిపోయింది. "పొరపాటు కాదు కదా?" అంది.

అతను తల అడ్డంగా ఊపాడు.

ఆమె బల్ల మీద టేపు ముక్కలు ఏరి చెత్తబుట్టలో వేసింది. "నాకు చెప్పి ఏం లాభం. అతనికి చెప్పండి."

చిన్నల్లుడు పెరట్లో పంపు దగ్గర అందరి చెప్పులకీ అంటిన ఇసుక కడుగుతున్నాడు. పెద్దల్లుడు వెళ్ళి పక్కన నిలబడ్డాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "కావాలనే చెరిపాను."

"తెలుసు" అన్నాడు చిన్నల్లుడు తలెత్తకుండా. అతని గొంతులో ఎప్పుడూ ఉండే సందడి లేదు. "పెద్దవాళ్ళ ముందు మీ పరువు తీయడం ఇష్టం లేక ఊరుకున్నాను. కానీ నా మీద ఏదైనా ఉంటే నాతో అనండి అన్నయ్యా. నాతో పోట్లాడండి. అది నా ఫోటో కాదు, అత్తయ్యది."

"నిజమే."

"ఇక నా కార్డులు నేనే చూసుకుంటాను."

"సరే" అన్నాడు పెద్దల్లుడు.

మూడు కుర్చీల అవతల మరదలి ల్యాప్‌టాప్ ముందు కూచుని, బజార్లో కొత్తగా కొన్న కార్డులు చిన్నల్లుడు తనే చూసుకోవడం ఒక తమాషా అయింది. ఏది ఖాళీయో ఏది నిండిందో తెలియక, ఒకే కార్డుని పదేపదే ఎక్కించేవాడు. పెద్దల్లుడి చేతులు దురదపెట్టేవిగానీ నోరు మెదిపేవాడు కాదు. సెలవులు అయిపోవస్తుండగా ఒక సాయంత్రం చిన్నల్లుడు వచ్చి, బల్ల మీద కార్డు పెట్టి, పక్కనే కుర్చీ లాక్కుని కూచున్నాడు.

"కాపీ అయ్యేదాకా ఇక్కడే ఉంటాను" అన్నాడు.

"ఉండు."

ఇద్దరూ పక్కపక్కనే కూచుని తెర చూశారు. ఫోటోలు ఒక్కొక్కటే దాటిపోతున్నాయి. మధ్యలో పెద్దల్లుడి భార్య కనిపించింది. నడుమ్మీద చెయ్యి పెట్టుకుని, కనుబొమలు పైకెత్తి, ఎవరి మీదో విరుచుకుపడబోతోంది. ప్రాణమున్న ఫోటో. పెద్దల్లుడి గుండెల్లో మళ్ళీ అదే మంట లేచింది, మొదటి రోజుకంటే ఏమీ తగ్గలేదు. కాసేపు దాన్ని అలాగే భరించి, "ఇది ఎలా తీశావు?" అని అడిగాడు. ఫోటో గురించి అతను ఒకరిని అడగడం అదే మొదటిసారి.

"ఏముందన్నయ్యా. వదిన మీ గురించి మా ఆవిడకి చెప్తోంది. మీరు తువ్వాలు మంచం మీద పడేస్తారట. ఆ కోపంలో ఉన్నప్పుడు తీశాను."

"అది చెప్తేనే అంత బాగా వచ్చిందా?"

"ఇంకా చాలా చెప్పింది" అన్నాడు చిన్నల్లుడు. అంతవరకే చెప్పి ఆపేశాడు.

పెద్దల్లుడు నవ్వలేదు. కాపీ పూర్తయ్యాక కార్డు బయటికి తీసి అతని చేతికిచ్చాడు. లోపల్నుంచి భోజనానికి పిలిచారు. చిన్నల్లుడు ముందు లేచి వెళ్ళాడు. పెద్దల్లుడు ఇంకాసేపు ఆ ఫోటోనే చూస్తూ కూచుని, రెండోసారి పిలిచాక లేచాడు.